నాటాలు నుండి వచ్చిన పెద్దమ్మ వంట

ఈ నెల కందిపొడి, కరివేపాకు పొడి గురించి వ్రాస్తామని పోయిన సంచికలో మాట ఇచ్చాము. పొడులకు తొందరేమీ లేదు గనుక వాటిని వచ్చే నెలకు ఉంచి, జనవరిలో మా ఇంటికి వచ్చిన ఒక అతిథి గురించీ, ఆమె మా వంటింట్లో వండిపెట్టిన కూర గురించీ వ్రాస్తున్నాము. ఈ మధ్యకాలంలో మేమిద్దరం అంత ఇష్టంగా తిన్న వంట మరొకటి లేదు. తిన్న తరువాత అంత సిగ్గుపడినదీ లేదు. సిగ్గు సంగతి తరువాత చెబుతాము.

మా సంఘానికి చెందిన ఒక అబ్బాయి దక్షిణ ఆఫ్రికాలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. అతడు అక్కడ వెళ్ళే ఆరాధనలో డర్బను పట్టణపు తెలుగు కుటుంబం ఒకటి పరిచయమైనది. ఆ కుటుంబంలో డెబ్బై దాటిన పెద్దావిడ, తన ముత్తాత ఊరు నెల్లూరు జిల్లాలో ఎక్కడో ఉన్నదని, చనిపోయేలోగా ఒక్కసారి చూడాలని కోరినారట. జనవరిలో మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చారు. వారం రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. ఆమెకు తెలుగు రాదు. మాకు బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు ఉన్నది, అదీ తుప్పు పట్టినది. అయినా మేము ఆమెను పెద్దమ్మా అని పిలిస్తే మొదటి రోజే పలికారు. ఆ మాట ఆమె ఇంట్లో ఇంకా బ్రతికే ఉన్నదట.

విదేశాల నుండి వచ్చిన వారికి ఏమి పెట్టాలి? మనందరం చేసే పనే మేమూ చేశాము. పట్టణం నుండి చికెన్ బిర్యానీ, ఫ్రైడ్ రైస్, గులాబ్ జామూన్ తెప్పించాము. కొత్త పింగాణీ పళ్ళెములు పెట్టెలోనుండి తీశాము. పెద్దమ్మ మర్యాదకు నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు. ఎండ దెబ్బేమో, నీళ్ళు పడలేదేమో అనుకున్నాము.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె గదిలో లేరు. వెదికితే పెరటి వసారాలో ఉన్నారు. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా అంట్లు తోమే సహోదరి ఒకామె అక్కడ కట్టెల పొయ్యి మీద తనకోసం ఎండు నెత్తళ్ళు వేయించుకుంటున్నది. ఆ వాసన ముందు గదిలోకి రాకూడదని మేమే ఆమెను పెరటిలో వేయించుకోమని చెప్పాము. పెద్దమ్మ ఆమె పక్కన పీట వేసుకొని కూర్చొని, ఆమె పళ్ళెంలో నుండే చద్దన్నమూ నెత్తళ్ళూ తింటున్నారు. కళ్ళలో నీళ్ళు. కారానికి వచ్చిన నీళ్ళు కాదు అవి. మమ్మల్ని చూసి, “ఇది నిన్న ఎందుకు పెట్టలేదు?” అని అడిగారు.

ఎందుకు పెట్టలేదో చెప్పడానికి మా దగ్గర ఇంగ్లీషు లేదు. నిజానికి తెలుగు కూడా లేదు.

ఎండుచేపకు, వారి కుటుంబానికి ఉన్న సంబంధం ఆ సాయంత్రం మనుమరాలు చెప్పినది. కొంత మాకు పుస్తకాల ద్వారా తెలిసినదే. మన పిల్లలకు తెలియదు గనుక ఇక్కడ కాస్త వివరంగా వ్రాస్తాము.

డర్బను ఉన్న ప్రాంతమును అప్పుడు నాటాలు అనేవారు. అది ఇంగ్లీషు వారి వలస రాజ్యము. అక్కడ చెరకు తోటలు వేసిన దొరలకు కూలీలు కావలసి వచ్చారు. 1860లో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు రేవు నుండి 342 మందిని ఎక్కించుకొని బయలుదేరి, నవంబరు 16న డర్బను చేరినది. వారిలో క్రైస్తవులు కూడా చాలామంది ఉన్నారు. ఆ తరువాత 1911 వరకు మొత్తం 1,52,184 మంది ఆ విధంగా వెళ్ళారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుండి ఎక్కినవారే, అంటే మన తెలుగువారు, తమిళులు. ఒప్పందము ఐదేళ్ళు. మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగులు, తరువాత ఏడాదికొక షిల్లింగు పెంపు. దానితోపాటు తిండి గింజలు యజమాని ఇవ్వాలి. బియ్యము, పప్పు, ఉప్పు, కాస్త నూనె లేక నెయ్యి, ఎండిన ఉప్పుచేప. బియ్యము ఖరీదు గనుక వారంలో కొన్ని రోజులు దానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచేవారు.

మన ఇంటి పెరట్లో నుండి గానీ, బంధువుల ఇంటినుండి గానీ ఒక కరివేపాకు రెబ్బ కూడా దొరకని చోట ఈ నాలుగు వస్తువులతో సంసారము చేసిన ఆడవారిని తలచుకోండి. అసలు ఆడవారే తక్కువ. వంద మంది మగవారికి నలభై మంది ఆడవారైనా ఉండాలని తరువాత నియమము పెట్టారంటే మొదట ఎంత తక్కువో ఊహించవచ్చును. పెద్దమ్మ ముత్తవ్వ బ్యారక్కు గోడ ప్రక్కన కొత్తిమీర, మెంతికూర చల్లుకొన్నదట. మొక్కజొన్నను నూక చేసి అన్నంలా వార్చుకొన్నదట. ‘మీలీ రైస్’ అని దానిని ఇప్పటికీ అక్కడ అంటారు. మన జొన్న నూక, సజ్జ నూక వండినట్టే. ఒకప్పుడు బియ్యము లేక తిన్నదానిని ఇప్పుడు ప్రీతిగా, పప్పుచారు పోసుకొని తింటారు. ఎండుచేప ఆదివారపు వంట. పాపము, మేము ఆమెకు గులాబ్ జామూన్ పెట్టాము.

ఐదేళ్ళు ముగిసిన తరువాత చాలామంది అక్కడే ఉండిపోయారు. కూరగాయలు పండించి తలమీద గంపలతో అమ్ముకొన్నారు, చేపలు పట్టారు, రైలు దారిలో, బొగ్గు గనులలో పనిచేశారు. ఉండిపోయినందుకు శిక్షగా తలకు మూడు పౌండ్ల పన్ను వేయడానికి 1895లో చట్టము చేశారు. నెలకు పదిపదిహేను షిల్లింగులు సంపాదించే కుటుంబానికి మూడు పౌండ్లు, అంటే అరవై షిల్లింగులు! 1913లో గాంధీగారి నాయకత్వమున గని కూలీలు, తోట కూలీలు సమ్మెకట్టిన తరువాతనే, 1914లో ఆ పన్ను పోయినది.

మన నెల్లూరు సీమకూ ఆ దేశానికీ ఉన్న మరొక బంధము ఇక్కడ చెప్పకుండా ఉండలేము. ఆ తోటలలోని తెలుగు విశ్వాసుల కొరకు తెలుగు బాప్తిస్టు సంఘములు తమ స్వంత ఖర్చుతో ఒక మిషనరీని పంపినవి. ఆయనే జాన్ రంగయ్యగారు. 1903లో నెల్లూరు ప్రాంతము నుండి వెళ్ళి, ఆ సంవత్సరము డిసెంబరులోనే కియర్స్నీ అనే తేయాకు తోటలో తెలుగు సంఘమును స్థాపించారు. 1915లో మరణించేవరకు ఆయన పరిచర్య ఆ తోటల మధ్యనే జరిగినది. తెల్లవారే మిషనరీలుగా వస్తారని మనము అనుకొనే రోజులలో మనవారు, మనవారి కానుకలతో, సముద్రము దాటి వెళ్ళారు. పెద్దమ్మ నాయనమ్మ తెలుగులోనే కీర్తనలు పాడేదట. పెద్దమ్మకు రాగాలు తెలుసు, మాటలు తెలియవు. ఆదివారం మా మందిరంలో ఒక పాత కీర్తన ఎత్తుకొనగానే ఆమె పెదవులు మూసుకొని చివరిదాకా రాగము పాడారు.

భాష పోయినది. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకొని తెలుగు నిలుపుకోవడానికి అక్కడివారు ఎంతో ప్రయాసపడ్డారు. అయినా బడి ఇంగ్లీషు, పని ఇంగ్లీషు, చివరకు ప్రార్థన కూడా ఇంగ్లీషే అయినది. వంటింట్లో మాత్రం ఇంకా కొన్ని మాటలు తిరుగుతున్నవి. పెద్దమ్మ ‘పులుసు’ అంటారు, ‘చారు’ అంటారు, మనుమరాలు అన్నం వడ్డిస్తే ‘చాలు చాలు’ అంటారు. మనుమరాలికి ఆ మూడూ వచ్చు. ఇంకేమీ రాదు.

ఆమె పెట్టెలోనుండి తీసిన వాటిలో ఒక కారపు పొడి పొట్లము ఉన్నది. డర్బను విక్టోరియా వీధి బజారులో కొన్నదట. ఎర్రగా కుంకుమలా ఉన్నది. పేరు చదివి మేమిద్దరం ఒకరినొకరు చూసుకొని నవ్వాము. ‘అత్తగారి అంతము’ అని దాని అర్థము! అక్కడి దుకాణాలలో ఆ పేరుతో నిజముగానే అమ్ముతారు. మన గుంటూరు కారము తిన్న నోటికి అది పెద్ద వింతేమీ కాదు గానీ, మా ఇంట్లో అత్తగారు ఉన్నారు గనుక ఆ పొట్లమును అల్మారాలో పేరు లోపలి వైపుకు తిప్పి ఉంచాము.

ఇక అసలు వంటకు వస్తున్నాము. డర్బనులో దానిని ‘బన్నీ చౌ’ అంటారు. బన్నీ అంటే కుందేలు గదా అని మా సండే స్కూలు పిల్లలు భయపడ్డారు. కుందేలుకు, దానికి ఏ సంబంధమూ లేదు. అక్కడి గుజరాతీ కోమట్లను బనియాలు అంటారు. వారి హోటళ్ళలో పుట్టిన తిండి గనుక ఆ పేరు అలా మారినదని చాలామంది చెబుతారు. ‘చౌ’ అంటే వాడుకలో తిండి. కోయని పెద్ద రొట్టెను అడ్డంగా నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగము నడిమి మెత్తని గుజ్జును తీసి గుంట చేసి, ఆ గుంట నిండా కూర పోసి, తీసిన గుజ్జును మూతలా పైన పెట్టి ఇస్తారు. పళ్ళెమూ లేదు, చెంచా లేదు. మూతగా పెట్టిన గుజ్జును కూరలో ముంచి తింటూ, తరువాత గోడలు విరుచుకొని తినాలి. అడుగున కూర పీల్చుకొన్న రొట్టె ఉంటుంది చూడండి, మా పిల్లలు దానికోసము పోట్లాడుకొన్నారు.

ఇది గ్రే వీధి చుట్టుపక్కల పుట్టినదని అంటారు. ఆ వీధికి ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ పేరు పెట్టారు. ఎవరు మొదట చేశారో అనేదానికి నాలుగైదు కథలు ఉన్నవి. తోట కూలీలు కూరను పొలానికి తీసుకుపోవడానికి గిన్నె లేక రొట్టెలో పెట్టుకొన్నారని కొందరంటారు. గోల్ఫు ఆడే దొరల సంచులు మోసే కుర్రవాళ్ళకు భోజనం విరామము చాలక అలా అమ్మారని కొందరంటారు. పెద్దమ్మ చెప్పినది మూడోది. అక్కడ 1948 నుండి వర్ణభేద పాలన నడిచినది, 1994లో ముగిసినది. నల్లవారు హోటలులో కూర్చొని తినకూడదు. అయితే వారి డబ్బు మాత్రం వద్దనేవారు కాదు. వెనుక తలుపు దగ్గర నిలబడిన మనిషికి హోటలు పళ్ళెము ఇవ్వకుండా కూర ఎలా ఇవ్వాలి? రొట్టెలో పోసి ఇవ్వాలి. రొట్టెను పళ్ళెముగా చేసినది ఆ వెనుక తలుపేనని ఆమె అన్నారు.

పెద్దమ్మ కుటుంబము మాత్రం తక్కువ పడిందా? ఏ రంగువారు ఎక్కడ నివసించాలో చెప్పే చట్టము 1950లో వచ్చినది. ఆ చట్టము క్రింద వారి ఇల్లూ, పెరట్లోని మామిడి చెట్టూ పోయినవి. భారతీయులకు వేరుగా కట్టిన చాట్స్‌వర్త్ అనే పేటకు మారారు. అప్పుడు ఆమె చిన్నపిల్ల. “మమ్మల్ని తెల్లవారు దూరం పెట్టారు. మేము వెనుక తలుపు దగ్గర నిలబడినవారిని దూరం పెట్టాము. మా నాన్న హోటలులోనే పని చేసేవాడు, ఆ తలుపు దగ్గర రొట్టెలు అందించేది ఆయనే,” అని చెప్పారు.

ఇది చెప్పి, ఆమె పెరటి గోడ గూటి వైపు చూశారు. ఆ గూటిలో ఒక సత్తు పళ్ళెము, ఒక గ్లాసు బోర్లించి ఉన్నవి. “అవి ఎవరివి?” అన్నారు.

పాఠకులారా, అవి మా ఇంట్లో అంట్లు తోమే సహోదరివి. ఆమె మా సంఘ సభ్యురాలు. ప్రతి నెల మొదటి ఆదివారము ఒకే రొట్టెలో మాకూ ఆమెకూ పాలు ఉన్నది. ఆమె తోమిన పళ్ళెములలో మేము తింటాము. ఆమె తినే పళ్ళెము మాత్రం గూటిలో ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఉన్నది. ఎవరు పెట్టమన్నారు? మా పెద్దలు పెట్టారు, మేము తియ్యలేదు. మన ఊళ్ళలో టీ కొట్లలో రెండు రకాల గ్లాసులు ఉండేవని పేపర్లలో చదివి మేము బాధపడేవారము. ఆ గ్లాసులలో ఒకటి మా పెరటిలో ఉన్నదని ఎన్నడూ తోచలేదు.

“అవి ఆమెవి,” అని మాత్రం చెప్పాము. పెద్దమ్మ ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

శనివారము ఆమె, “రేపు ఆరాధన తరువాత అందరికీ నేను వండుతాను,” అన్నారు. ఎంతమంది అని అడిగితే నూట ఇరవై అన్నాము. పది కిలోల రాజ్మా గింజలు, పట్టణములోని బేకరీ నుండి కోయని బ్రెడ్లు అరవై తెప్పించాము. డర్బను రొట్టె పెద్దది గనుక పావు చాలునట. మన దగ్గర దొరికేది చిన్నది గనుక మనిషికి సగము లెక్క వేశాము. బేకరీ అతను, ముక్కలు కోయకుండా ఎందుకమ్మా అని మూడుసార్లు అడిగాడు.

మొదట ఈ వంటకము మాంసముతో కాదు, గింజలతోనే అమ్మేవారట. చవక గదా. ఇప్పటికీ గింజల బన్నీ కావలసినవారు ఎక్కువే. మీ ఇంట్లో నలుగురు ఐదుగురికి చేయదలిస్తే ఈ విధంగా చేయండి. పావుకిలో రాజ్మా గింజలు రాత్రి నానబెట్టి, ఉదయము ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి మెత్తగా ఉడికించాలి. కుక్కరులోనైతే ఐదారు కూతలు. ఈ గింజలు సగము ఉడికితే కడుపునొప్పి, వాంతులు తప్పవు గనుక వేళ్ళ మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. ఒక మూకుడులో మూడు గరిటెల నూనె కాచి, చిన్న దాల్చినచెక్క, అర చెంచా సోంపు, అర చెంచా జీలకర్ర, రెండు రెబ్బల కరివేపాకు వేసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు ఎర్రబడేదాకా వేయించండి. అల్లము వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, పసుపు, రెండు చెంచాల కారము, ఒక చెంచా ధనియాల పొడి వెయ్యండి. కారము మాడకముందే మూడు పండు టమాటాలు తరిగి వేసి నూనె తేలేదాకా మగ్గనివ్వాలి. తరువాత పెద్ద ముక్కలుగా కోసిన రెండు బంగాళాదుంపలు వేసి, కాసిని నీళ్ళు పోసి ఉడికించాలి. దుంప లేని కూర డర్బనులో కూరే కాదట. దుంప మెత్తబడిన తరువాత గింజలు, ఉప్పు వేసి, గరిటెతో కొన్ని గింజలను అంచుకు నొక్కి చిదిపితే పులుసు చిక్కబడుతుంది. పలుచగా ఉంటే రొట్టె అడుగు కారిపోతుంది. మరీ గట్టిగా ఉంటే రొట్టె పీల్చుకోదు. కొత్తిమీర చల్లి దించండి. ప్రక్కన తురిమిన క్యారెట్టు, ఉల్లిపాయ, పచ్చిమిరప, కాస్త వెనిగరు కలిపి పెడతారు. వెనిగరు లేకపోతే నిమ్మకాయ పిండుకోండి, దోషము లేదు. రాజ్మా ఖరీదు అనుకొనేవారు బొబ్బర్లతో చేయవచ్చును. మేము చేసి చూశాము. రుచి వేరు గానీ బాగుంటుంది. ఎక్కువగా నానబెట్టనక్కర లేదు.

ఇలా పరదేశము వెళ్ళిన మనవారి చేతిలో పుట్టిన తిండ్లు ఇంకా ఉన్నవి. మారిషస్‌లో శనగపప్పు పొడి కూరిన పలుచని ‘దాల్‌పురి’ వీధి వీధిన అమ్ముతారు. బెల్లము వెయ్యని బొబ్బట్టు అనుకోండి. ఆ ద్వీపములో తెలుగువారి ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉన్నది. ట్రినిడాడ్‌లో రెండు మెత్తని వేపుడు రొట్టెల మధ్య శనగల కూర పెట్టి ‘డబుల్స్’ అంటారు. అన్నీ కూలిబ్రతుకు వారి తిండ్లే, చేతిలో పెట్టుకొని నడుస్తూ తినేవే. వాటిని మేము తినలేదు గనుక ఎక్కువ చెప్పము.

ఆదివారము మందిరము ఆవరణలో చాపలు పరిచాము. పళ్ళెములు లేవు, విస్తళ్ళు లేవు. పెద్దమ్మ గరిటెతో పోస్తూ ఉంటే మా ఇంటి సహోదరి రొట్టెలకు గుంటలు చేసి అందించినది. చిన్నవారు మూడు నిమిషాలలో కనిపెట్టేశారు ఎలా తినాలో. పెద్దవారికి మీసాలకు, కండువాలకు పులుసు అయినది. సంఘపెద్ద ఒకాయన, అన్నము లేకపోతే తిన్నట్టు ఉండదని గొణిగి రెండోది తీసుకొన్నారు. ఒక కుటుంబము మాత్రము, ఇంట్లో పని ఉన్నదని చెప్పి, తినకుండా వెళ్ళిపోయినది. పని ఏమీ లేదని వారికీ తెలుసు, మాకూ తెలుసు. వారు మాకు దగ్గరివారే. ఆ సంగతి మేము ఇంకా వారితో మాట్లాడలేదు.

భోజనాల తరువాత పెద్దమ్మ తన ముత్తాత కాగితము తీశారు. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చ, జిల్లా, తాలూకా, గ్రామము, కులము వ్రాసుకొన్న పట్టీల నకలు అది. మద్రాసు గుమస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో వ్రాసినందున ఆ ఊరి పేరు మా చుట్టుపక్కల మూడు ఊళ్ళకు సరిపోతుంది. మూడింటికీ తీసుకువెళ్ళాము. మునసబు కుటుంబాలను, పెద్ద వయస్సు వారిని అడిగాము. నూట ఇరవై ఏళ్ళనాటి మాట, ఎవరికి గుర్తుంటుంది? ఊరు దొరకలేదు.

అయితే ఆ ఆదివారము కాగితము చేతులు మారుతున్నప్పుడు మేము ఒకటి గమనించాము. పెద్దలు చాలామంది ఊరు పేరు చూడలేదు, వయస్సు చూడలేదు. వేలు తిన్నగా చివరి గడి దగ్గరకు పోయినది. అందులో ఏమున్నదో ఇక్కడ వ్రాయము. వారిని తప్పుపట్టే అర్హత కూడా మాకు లేదు, మొదటి రాత్రి ఆ కాగితము మా చేతికి వచ్చినప్పుడు మా కళ్ళూ ముందు అక్కడికే పోయినవి. ఓడలో అందరికీ ఒకే వంటవారు వండిన అన్నము తిని నెల దాటి ప్రయాణము చేసిన మనిషికి, ఆ గడి ఇంకా ఏమి పనికి వచ్చినదో మాకు తెలియదు. పెద్దమ్మ మనుమరాలు ఆ మాటకు అర్థము ఏమిటని మమ్మల్ని అడిగినది. పాత రోజుల మాట అమ్మా, అని చెప్పాము. అది అబద్ధము.

సోమవారము గూటిలోని పళ్ళెమును, గ్లాసును లోపలికి తెచ్చి మిగిలిన వాటితో కలిపి పెట్టాము. మా ఇంటి సహోదరి అది చూసి, “నా పళ్ళెం ఏదమ్మా?” అని వెదుక్కొన్నది. ఏదైనా తీసుకో అంటే ఆ పూట తినకుండానే ఇంటికి వెళ్ళిపోయినది. మరుసటి రోజూ అంతే. మూడో రోజు తన సత్తు పళ్ళెమే వెదికి తీసుకొని, వంటింటి గడప లోపల కూర్చొని తిన్నది. ఇప్పుడు అక్కడే తింటున్నది. బల్ల దగ్గరకు రమ్మంటే నవ్వి ఊరుకొంటున్నది. ఇరవై ఏళ్ళు మేము చేసినది వారములో పోవాలని ఎందుకు అనుకొన్నామో!

వెళ్ళే ముందురోజు పెద్దమ్మకు నెల్లూరు చేపల పులుసు చేసిపెట్టాము. ముందునాటి రాత్రే కాచి, మరునాడు పెట్టాము. ఒక ముద్ద తిని, “ఇది మా ఇంట్లో కూర,” అన్నారు. డర్బనులో కూడా చేపల కూరకు చింతపండు పులుసే పోస్తారు, టమాటా, వెల్లుల్లి, కరివేపాకు వేస్తారు, కాలమునుబట్టి మామిడికాయ ముక్కలో వంకాయలో వేస్తారు. ముత్తాత ఊరు కాగితములో తప్పుగా ఉన్నది గానీ పులుసులో సరిగానే ఉన్నదని మేమిద్దరం ఆ రాత్రి అనుకొన్నాము. ఒక్క తేడా ఉన్నది. వారు మామిడికాయ ముక్కలు చేపలతోపాటే వేస్తారట. మేము పులుసు తెర్లిన తరువాత, చివరలో వేస్తాము, ముక్క చితకకుండా. ఇదే సరియైన పద్ధతి అని పెద్దమ్మ చేత ఒక కాగితము మీద వ్రాయించి పంపాము. ఎండు నెత్తళ్ళ పొట్లము కూడా కట్టి ఇచ్చాము గానీ, విమానాశ్రయములో అక్కడి అధికారులు తీసుకొంటారని మనుమరాలు భయపడి వెనక్కి ఇచ్చేసినది.

ఈస్టరు నాడు డర్బను నుండి ఫోను వచ్చినది. పెద్దమ్మ మేము చెప్పినట్టే మామిడికాయ చివరలో వేసి పులుసు వండారట. కొడుకులు, కోడళ్ళు అందరూ తిని, బాగున్నది గానీ ఇది అవ్వ చేసిన పులుసు కాదు అన్నారట. అందుకని మళ్ళీ మొదటే వేస్తున్నానని, మా కాగితము మాత్రం దాచి ఉంచానని చెప్పారు. మా ఇంటి సహోదరి ఫోను తీసుకొని, “పెద్దమ్మా, బాగున్నావా?” అన్నది. అవతల నుండి ఏమి వినబడినదో గానీ, చాలాసేపు నవ్వుతూ నిలబడినది.